పిల్లల టీకాలు వాయిదా పడకుండా చూసుకోవడం ఎలా?

పిల్లలకు టీకాలు తప్పిపోయిన ఇళ్లలో చాలావరకు టీకాల మీద కోపమేమీ ఉండదు. ముక్కు కారుతోందని ఒక వారం, ప్రయాణం ఉందని ఇంకో వారం, కార్డు కనపడలేదని మరో వారం గడుస్తుంది. చూస్తుండగానే వారాలు నెలలవుతాయి. టీకా మంచిదా, చెడ్డదా అనే వాదన కోసం కాదు ఇది రాస్తున్నది. వేయించాలని మనసులో ఉన్నా, ఏదో ఒకటి అడ్డొచ్చి ఆగిపోయే అమ్మానాన్నల కోసం.

కార్డు చదవడంతో మొదలుపెట్టండి

బిడ్డ పుట్టాక చేతికిచ్చే టీకా కార్డును బీరువాలో దాచేయకండి. ముందు కూర్చుని చదవండి. టీకా పేరు, ఇవ్వాల్సిన తేదీ, ఇచ్చిన తేదీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. రాబోయే తేదీని పెన్సిల్‌తో, వేసిన తేదీని పెన్నుతో రాసి ఉంచుకుంటే ఏది అయింది, ఏది మిగిలింది అన్న గందరగోళం ఉండదు. కార్డును రెండు వైపులా ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. గడువుకు రెండు రోజుల ముందు మోగేలా ఫోనులో గుర్తు పెట్టుకోండి. అదే రోజు ఉదయం మోగితే మిగతా పనులన్నీ అప్పటికే ఖాయమైపోయి ఉంటాయి.

ప్రతి దేశానికీ తన టీకాల పట్టిక ఉంటుంది. మీ బిడ్డకు మీ కార్డులో ఉన్నదే లెక్క, ఇంటర్నెట్‌లో దొరికిన మరో దేశపు పట్టిక కాదు. అయినా వాటన్నిటి అమరిక దాదాపు ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో విస్తృత టీకా కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు లక్ష్యంగా పెట్టుకున్నవి ఆరు జబ్బులు: క్షయ, కంఠసర్పి (డిఫ్తీరియా), ధనుర్వాతం, కోరింత దగ్గు, పోలియో, తట్టు. తర్వాత హెపటైటిస్ బి, హిబ్, న్యుమోకోకస్ (ఈ రెండూ న్యుమోనియా వంటివి తెచ్చే క్రిములు), విరేచనాలు తెచ్చే రోటావైరస్, రుబెల్లా వంటివి చేరాయి. చాలా చోట్ల ఒకటిన్నర, రెండు నెలల వయసులో మొదలై, కనీసం నాలుగేసి వారాల ఎడంతో కొన్ని డోసులు వరుసగా వస్తాయి. తొమ్మిది నెలలకో ఏడాదికో తట్టు టీకా, రెండో ఏడు నుంచి బూస్టర్లు, అంటే పాత రక్షణను మళ్లీ గట్టిపరిచే డోసులు.

ఈ పట్టికలో రోజులతో కాక గంటలతో లెక్కపెట్టాల్సిన డోసు ఒకటుంది. హెపటైటిస్ బి మొదటి డోసును పుట్టినప్పుడే ఇచ్చే చోట, పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు సోకవచ్చు. పెద్దవాళ్లకు సోకితే చాలామంది శరీరం దాన్ని వదిలించుకుంటుంది. పుట్టగానే సోకిన పిల్లల్లో మాత్రం దాదాపు 90 శాతం మందిలో అది కాలేయంలో తిష్ఠ వేసుకుంటుంది. కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే ముందే ఆ గడి నిండిందో లేదో చూసుకోండి.

"అదే టీకా మళ్లీ మళ్లీ ఎందుకు?" అని అడిగేవాళ్లు ఎక్కువ. న్యాయమైన ప్రశ్నే. కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకాల్లో బతికున్న క్రిములుండవు. ఒక్కసారికి శరీరం వాటిని పట్టించుకుంటుంది, కానీ త్వరగా మరిచిపోతుంది. రెండోసారి, మూడోసారి చూపిస్తే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది. తట్టు టీకా కథ వేరు. గర్భంలో ఉండగా తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు బిడ్డ రక్తంలో కొన్ని నెలలు ఉంటాయి. అవి బిడ్డను కాపాడుతూనే, టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను పని చేయనివ్వకుండా అణిచేస్తాయి. అవి తగ్గేదాకా ఆగాలి, అలాగని మరీ ఆగితే ఈలోపు తట్టు సోకే ప్రమాదం. అందుకే తొమ్మిది, పన్నెండు నెలల లెక్క. తొమ్మిది నెలలకు వేస్తే వందలో దాదాపు 85 మందికి రక్షణ వస్తుంది. రెండో డోసు ముఖ్యంగా ఆ మిగిలిన పదిహేను మంది కోసం. మీ బిడ్డ ఆ 85లో ఉందో, 15లో ఉందో బయటికి తెలియదు కాబట్టి అందరికీ వేస్తారు.

ముందు రోజు: ఏది అడ్డంకి, ఏది కాదు

మామూలు జలుబు, కొద్దిపాటి దగ్గు, ఒంటి వెచ్చదనం, రెండుసార్లు పలచగా విరేచనం కావడం, యాంటీబయాటిక్ వాడుతుండడం, పళ్లు రావడం, వీటిలో ఏదీ టీకా ఆపడానికి కారణం కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కూడా పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టే వేస్తారు. బరువు మరీ తక్కువైతే ఒకటి రెండు టీకాల విషయం డాక్టరు చూసుకుంటారు. నన్నడిగితే, వాయిదాకు అతి పెద్ద కారణం జబ్బు కాదు, "ఇప్పుడెందుకులే పాపం" అనే జాలి.

నిజంగా ఆగి డాక్టరుతో మాట్లాడాల్సినవి తక్కువ. బిడ్డకు తీవ్రమైన జ్వరం లేదా పెద్ద అనారోగ్యం ఉంటే తగ్గేదాకా ఆగుతారు. గతంలో అదే టీకాకు ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోవడం వంటి తీవ్ర అలర్జీ వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకు బతికున్న క్రిములతో చేసిన టీకాలు ఇవ్వకపోవచ్చు. పేగు ముడుచుకుపోయి ఒకదానిలోకి ఒకటి దూరిన చరిత్ర ఉన్న పిల్లలకు రోటా చుక్కలు ఇవ్వరు. ఇవి మీకు మీరు తీర్పు చెప్పుకోవడానికి కాదు. తీసుకెళ్లి చెప్పండి, వాయిదా వేయాలో వద్దో వాళ్లు నిర్ణయిస్తారు.

జ్వరం రాకుండా ముందే పారాసెటమాల్ వేసి తీసుకెళ్లడం కొందరి అలవాటు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు. అలా ముందుగా వేస్తే కొన్ని టీకాలకు శరీరం స్పందించే తీరు కొంత తగ్గుతుందని పరిశోధనల్లో కనిపించింది.

బట్టలు వదులుగా ఉండాలి. ఏడాది నిండని పిల్లలకు చాలా సూదులు తొడ పక్క భాగంలో వేస్తారు, పిరుదులో కాదు. కాలు మొత్తం కప్పేసే బిగుతు దుస్తులు వేసుకెళితే అక్కడ విప్పడానికే బిడ్డ ఏడుపు మొదలవుతుంది. కడుపు మాడ్చి తీసుకెళ్లాల్సిన పనీ లేదు.

సూది వేసే చోట

మీ వంతు రాగానే చేయాల్సిన మొదటి పని: "ఇవాళ ఏవేవి వేస్తున్నారు?" అని అడిగి కార్డుతో సరిచూసుకోవడం. ఒకే రోజు రెండు మూడు సూదులంటే గుండె గుభేలుమనడం సహజం. కానీ ఒకే రోజు ఇవ్వదగ్గవని నిర్ధారించినవే అలా ఇస్తారు. ఒకే తొడలో రెండు వేయాల్సి వస్తే మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఎడం ఉంచుతారు. "ఇవాళ ఒకటి, వచ్చే వారం ఒకటి" అని బతిమాలితే ఏడుపు రెండు రోజులకు పంచినట్టవుతుంది, రెండో రోజు రాకపోయే అవకాశం కూడా ఉంది.

కొన్ని టీకా సీసాల మీద ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. గుండ్రం లోపల ఒక చదరం. మందు కొత్తగా ఉన్నప్పుడు చదరం తెల్లగా ఉంటుంది. వేడి తగిలేకొద్దీ నల్లబడుతూ పోతుంది. చదరం చుట్టూ ఉన్న గుండ్రం కంటే లేతగా ఉన్నంతవరకు ఫరవాలేదు. రెండూ ఒకే రంగులో కలిసిపోయినా, చదరం ఇంకా ముదురుగా మారినా ఆ సీసా వాడకూడదు. చూపించమని అడగడంలో తప్పు లేదు, మంచి నర్సులు అడగకుండానే చూపిస్తారు. అయితే ఆ గుర్తు వేడినే పసిగడుతుంది. మందు గడ్డకట్టిపోయి చెడితే చెప్పలేదు. టీకాల్లో ఎక్కువ భాగాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే దాచాలి. డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి వేసే టీకా), హెపటైటిస్ బి వంటివి గడ్డకడితే పనికిరావు.

బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కంటే, ఒడిలో నిటారుగా కూర్చోబెట్టుకుని వేయించడమే మేలు. పాలు తాగే బిడ్డకు సూది వేసే ముందు నుంచి, వేస్తున్నప్పుడు, వేశాక కూడా పాలు పట్టండి. నొప్పి తగ్గించే ఉపాయాల్లో ఇంత చవకైనది, ఇంత బాగా పనిచేసేది మరొకటి లేదు. నోటి చుక్కలు ముందు, నొప్పి ఎక్కువ పెట్టే సూది చివర్న వేయమని అడగండి.

మాటలు వచ్చిన పిల్లలతో "అస్సలు నొప్పే ఉండదు" అనకండి. నొప్పి ఉంటుంది. ఆ అబద్ధం ఈసారి గడిచిపోయినా వచ్చేసారి గుమ్మం దగ్గరే మొండికేస్తారు. "చిన్నగా చురుక్కుమంటుంది, పది అంకెలు లెక్కపెట్టేలోపు తగ్గిపోతుంది, నేను పట్టుకుంటాను" అంటే చాలు. "అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు" అని ఇంట్లో బెదిరించేవాళ్లు ఆ అలవాటు ఇవాళే మానుకోవాలి.

వేసిన వెంటనే బయటికి పరుగెత్తకండి. తీవ్రమైన అలర్జీ దాదాపు పది లక్షల డోసుల్లో ఒకసారి వచ్చేంత అరుదు. వచ్చినా ఎక్కువగా కొద్ది నిమిషాల్లోనే బయటపడుతుంది, అక్కడే ఉంటే వెంటనే చికిత్స అందుతుంది. పదిహేను నిమిషాల నుంచి అరగంట కూర్చోండి. ఆ సమయంలోనే కార్డులో ఇవాళ్టి తేదీ పడిందా, తర్వాతి తేదీ రాశారా చూసుకోండి.

ఆ రాత్రి, ఆ తర్వాత రోజులు

కొంచెం జ్వరం, సూది చోట వాపు, చిరాకు, నిద్రమత్తు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. బిడ్డ కాలు కదపకుండా కాపాడాల్సిన పని లేదు, తన్నుకుంటే తన్నుకోనివ్వండి. నొప్పిగా ఉన్న చోట చల్లటి తడి గుడ్డ పెట్టవచ్చు. రుద్దకండి, కాపడం వద్దు, పసర్లు, పొడులు అసలే వద్దు.

జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వాలంటే వయసు చూసి కాదు, బరువు చూసి ఇవ్వాలి. సాధారణంగా కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే ఆరు కిలోల బిడ్డకు ఒక మోతాదు 60 నుంచి 90 మిల్లీగ్రాములు. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజులో నాలుగు సార్లకు మించకుండా. ఇక్కడే జరిగే పొరపాటు ఒకటుంది. చుక్కల సీసాలోని మందు, సిరప్ సీసాలోని మందు ఒకే చిక్కదనంలో ఉండవు. ఒక మిల్లీలీటరు చుక్కల్లో ఉన్న మందు దాదాపు ఐదు మిల్లీలీటర్ల సిరప్‌లో ఉండవచ్చు. సిరప్‌కు చెప్పిన కొలతతో చుక్కల మందు పోస్తే మోతాదు ఎన్నో రెట్లు అవుతుంది. కాబట్టి సీసా మీద "ఎన్ని మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములు" అని ఉన్న వాక్యం చదివి, మందుతో పాటు వచ్చిన కొలతతోనే పోయండి. ఇంట్లో చెంచా వద్దు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే సొంతంగా మందు పోయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వనే కూడదు.

రెండు విషయాలు ముందే తెలియకపోతే కంగారు పెడతాయి. క్షయకు వేసే బీసీజీ టీకా పడిన చోట కొన్ని వారాల తర్వాత చిన్న గడ్డ లేచి, పగిలి, చీము కారి, నెమ్మదిగా మాని మచ్చ మిగులుతుంది. అది మామూలే. మందు రాయకండి, పిండకండి, శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. తట్టు టీకా జ్వరమేమో ఆలస్యంగా, దాదాపు వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది, కొందరికి పలచగా దద్దు కూడా లేస్తుంది. అప్పటికి టీకా సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు.

ఊపిరి అందకపోయినా, పెదవులు, ముఖం వాచినా, ఒళ్లు వాలిపోయి పిలిస్తే పలకకపోయినా, మూడు గంటలకు పైగా ఓదార్చలేని ఏడుపు ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు.

గడువు దాటిపోయిందా?

మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలేమో అన్న భయంతోనే చాలామంది అసలు వెళ్లడం మానేస్తారు. అక్కర్లేదు. రెండో డోసు ఆరు నెలలు ఆలస్యమైనా వేసిన మొదటి డోసు వృథా కాదు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. ఆలస్యం వల్ల జరిగే నష్టం ఆ మధ్యకాలంలో రక్షణ లేకపోవడమే. తొందరపడి ముందే వేయించడం మాత్రం కుదరదు, కనీస ఎడం ఉండాల్సిందే. బతికున్న క్రిములతో చేసే సూది టీకాలు రెండుంటే ఒకే రోజు వేయాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి.

రోటా చుక్కలకు మాత్రం వయసు పరిమితి ఉంటుంది. దేశాన్ని బట్టి అది మారుతుంది, దాటితే ఇక ఇవ్వకపోవచ్చు. ఊరు మారేటప్పుడు సామాన్లలో కాక మీ చేతి సంచిలో కార్డు పెట్టుకోండి. కార్డు పూర్తిగా పోతే, ఏ టీకా పడిందో గుర్తుండని చోట మళ్లీ వేయించడం వల్ల సాధారణంగా ప్రమాదం ఉండదు.

వెనకాడేలా చేసే మాట ఇంకొకటి ఉంది, టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్నది. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పన్నెండు మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసం ఈ అనుమానానికి మూలం. దాన్ని ఆ పత్రిక 2010లో పూర్తిగా ఉపసంహరించుకుంది. తర్వాత లక్షల మంది పిల్లలను పరిశీలించిన అధ్యయనాల్లో ఆ సంబంధం కనబడలేదు. ఇక "ఆ జబ్బులు ఇప్పుడెక్కడున్నాయి" అనేవాళ్లకు తట్టు గురించి చెప్పండి. తట్టు వచ్చిన మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉండగలదు. రక్షణ లేని జనంలో ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. దాన్ని ఆపాలంటే వందలో 95 మందికి రెండు డోసులూ పడి ఉండాలి.

టీకా చేయలేని పని: కదలిక, నిద్ర, చేతులు

టీకా కొన్ని జబ్బులకు అడ్డుగా నిలుస్తుంది. ఒంట్లో బలం మాత్రం రోజూ పెరగాల్సిందే. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత పాలతో పాటు మెత్తటి ఇంటి ఆహారం. మలవిసర్జన తర్వాత, తినే ముందు సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగడం. వీటి గురించి మీరు విననిది కాదు కాబట్టి పొడిగించను.

కదలిక సంగతే ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే కుదురుగా కూర్చున్న పిల్లవాణ్ణి మంచివాడని మెచ్చుకునే అలవాటు మనకు ఎక్కువ. పాకడం రాని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి ఆడించండి. ఒకేసారి కాదు, రెండు మూడు నిమిషాల చొప్పున రోజంతా కలిపి అరగంటకు తగ్గకుండా. మెడ, భుజాలు అలాగే గట్టిపడతాయి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడేళ్లు నిండితే అందులో ఒక గంట ఆయాసం వచ్చేలా పరుగెత్తే ఆట ఉండాలి. ఎత్తు కుర్చీలో, తోపుడు బండిలో ఒకేసారి గంటకు మించి కట్టేసి ఉంచకూడదు. రెండేళ్ల లోపు ఫోను, టీవీ తెర చూపించకపోవడం మేలు, ఆపై నాలుగేళ్ల దాకా గంట లోపే. బడికి వెళ్లే వయసులో సగటున రోజుకు గంట ఆట, వారంలో మూడు రోజులైనా ఎగరడం, ఎక్కడం, వేలాడడం వంటి ఎముకలకు పని చెప్పే ఆటలు.

మూడు గంటలంటే ఎక్కువనిపిస్తుంది గానీ, బిడ్డను మెట్లెక్కనివ్వడం, బంతి వెంట పరుగెత్తనివ్వడం, మీరు బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందించమనడం కూడా అందులో భాగమే. నిద్ర మూడు, నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు. సాయంత్రం బాగా ఆడిన రోజు ఆ లెక్క దానంతటదే కుదురుతుంది.

ఆడితే మోకాళ్లు చీరుకుంటాయి. గాయాన్ని ముందు ధారాళమైన నీళ్లతో, సబ్బుతో కడగండి. మట్టి చేరిన లోతైన గాయమైతే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న చివరి ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందనే. ఆ క్రిమి మట్టిలో ఉంటుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. అందువల్ల చుట్టుపక్కల అందరూ టీకా వేయించుకున్నా మీ బిడ్డకు ఆ రక్షణ రాదు. కుక్క కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా చాలా చోట్ల మామూలు పట్టికలో ఉండదు, కాటు తర్వాత విడిగా వేయించాలి.

పెద్దవుతున్న పిల్లలు

బడి మొదలయ్యాక తల్లిదండ్రులు కార్డును పక్కన పెట్టేస్తారు. అక్కడితో పట్టిక అయిపోదు. బడిలో చేరే వయసులోనూ, కౌమారంలోనూ ధనుర్వాతం, కంఠసర్పి బూస్టర్లు ఉంటాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన హెచ్‌పీవీ వైరస్‌కు టీకాను 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ప్రధానంగా సిఫారసు చేస్తారు, కొన్ని దేశాల్లో మగపిల్లలకూ వేస్తారు. వైరస్ సోకే అవకాశం రాకముందే వేస్తే ఎక్కువ పని చేస్తుంది, అంత చిన్న వయసు ఎందుకంటే అదే కారణం.

ఈ వయసు పిల్లలు ఏడవరు గానీ కొందరు కళ్లు తిరిగి పడిపోతారు. మందు వల్ల కాదు, సూది భయం వల్ల. అందుకని కూర్చోబెట్టే వేయించండి, వేశాక పదిహేను నిమిషాలు లేవనివ్వకండి. ఆ సాయంత్రం ఆటకు వెళ్లవచ్చా అని అడుగుతారు. తల తిరగడం లేకపోతే వెళ్లవచ్చు. చేయి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది కాబట్టి బంతి విసిరే ఆట అయితే కాస్త ఇబ్బంది పడతారు, అంతే.